జీపు తాగిన కుసుమ నూనె

నాందేడ్ నుండి కన్యాకుమారి దాకా జీపు నేనే నడిపానని నలభై ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నాను. వినేవాళ్లను బట్టి దారిలో పులి కూడా వచ్చేది. చిన్నపిల్లలుంటే రెండు పులులు. ఘాట్‌లో బ్రేకు తెగితే నేనే కిందికి దూకి, చక్రం కింద బండరాయి తోసి ముగ్గురి ప్రాణాలు కాపాడానంటే నమ్మి నా భుజం తట్టినవాళ్లున్నారు. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. స్టీరింగ్ నా చేతికొచ్చింది ఒక్కసారే, అనంతపురం దాటాక ఒక బీడులో, అదీ పది నిమిషాలు. పులి కనబడలేదు. రాయి పెట్టిన మాట మాత్రం నిజం. అయితే అప్పుడు బండి ఆగి ఉంది, దాని ఇంజన్ విప్పి ఉంది. అట్లా విప్పాల్సి రావడానికి కారణం నేనే.

జీపు మా మిస్త్రీది. మర్ఖేల్ నుండి వచ్చిన రైతు బిడ్డ, నాకు బడి నాటి దోస్తు. నాందేడ్‌లో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో యంత్రాలు చూసేవాడు. మిలిటరీ వాళ్లు తుక్కు కింద వేలం వేసిన మూడు జీపుల నుండి ఒక జీపు పుట్టించాడు. ఒకదాని చట్రం, ఇంకోదాని ఇంజన్, మూడోదాని చక్రాలు. మిల్లు పని అయ్యాక రోజూ రెండు గంటల చొప్పున రెండేళ్లు పట్టింది. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు వినేవాడు. "మూడో సిలిండర్ అలిగింది" అనేవాడు. నేను విన్నా గుర్‌ర్ తప్ప ఏమీ తెలిసేది కాదు. తెలిసినట్టు తలూపేవాణ్ని.

మాది బట్టల దుకాణం. దేగ్లూర్ రోడ్డు పక్కన మా నాన్నకు ఒక ఖాళీ ప్లాటు ఉండేది, తుమ్మకంప మొలిచి. డెబ్బయ్యో దశకం మొదట్లో ఒకరోజు మా మిస్త్రీ దుకాణానికి వచ్చి, మా నాన్న కూర్చునే గద్దె ముందు నిలబడి అడిగాడు.

"సేట్‌జీ, ఆ ప్లాటు నాకు కిరాయికియ్యుండ్రి. గ్యారేజి పెట్టుకుంట."

"కట్టెల అడితి ఆయన సుత అడుగుతుండు," అన్నాడు మా నాన్న, మీటరు కర్ర పక్కన పెట్టి. "నీ చెయ్యి ఎట్లాంటిదో నాకెట్ల తెల్వాలె? మిల్లు యంత్రం వేరు, తొవ్వల ఉరికే బండి వేరు. నీ తుక్కు జీపును భూమి అయిపోయేదాక తీస్కపో, కన్యాకుమారి దాక. మళ్ల తీస్కరా. తొవ్వల ఇంకో మిస్త్రీ చెయ్యి తాకొద్దు. అట్లయితే జాగ నీదే."

"సాక్షి ఎవలు సేట్‌జీ?"

మా నాన్న దుకాణమంతా చూశాడు. గుమాస్తాలందరూ పనిలో ఉన్నారు. తాన్లకు ఆనుకుని కూర్చున్నది నేనొక్కణ్నే.

"వీడు పోతడు," అన్నాడు. "ఏం జేస్తం, ఇంకెవ్వరు ఖాళీగ లేరు."

మూడో మనిషి బిలోలి వైపు ఒక ఊరి బడిలో మరాఠీ చెప్పే మా ఇంకో దోస్తు. మేం గురూజీ అనేవాళ్లం. సెలవులు కాబట్టి వచ్చాడు. ఒక పటమూ ఒక గొడుగూ తెచ్చుకున్నాడు.

మా అమ్మకు ఊరు దాటితే నీళ్ల మీదా నూనె మీదా నమ్మకం లేదు. అరవ దేశంలో కొబ్బరి నూనెతో వండుతారని ఎవరో చెప్పారట. మా కడుపులకు పడదని ఒక డబ్బా నిండా కుసుమ నూనె పోసి ఇచ్చింది. మిస్త్రీ ఇంజన్ నూనె విడిగా కొన్నాడు. దానికి డబ్బా నేనే ఇచ్చాను, అమ్మ ఇచ్చినదాని లాంటిదే, ఖాళీ వనస్పతి డబ్బా. గుర్తుకు ఇంజన్ నూనె డబ్బా పిడికి మిస్త్రీ ఒక ఎర్రగుడ్డ కట్టాడు.

హైదరాబాదు, కర్నూలు, బెంగుళూరు. జీపు గుర్రంలా పోయింది. కాదు, గుర్రంలా పోలేదు, ఎద్దులా పోయింది, కానీ ఎక్కడా మొరాయించలేదు. మా మిస్త్రీ పెదవుల మీద ఎప్పుడూ ఒక చిన్న కూనిరాగం ఉండేది. ఇంజన్ శబ్దంలో వెంట్రుకంత తేడా వచ్చినా అది ఆగిపోయేది. గంటలకొద్దీ అట్లా ఒక శబ్దం మీద మనసు నిలిపిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ధర్మపురి దాటాక, ఘాట్ ఎక్కే ముందు ఆగాం. ఎదురుగా ఎడ్లబండ్ల వరుస వస్తోంది. నాకు చెయ్యి ఊరుకోలేదు. డబ్బా పిడికున్న ఎర్రగుడ్డ విప్పి, రోడ్డు మధ్య నిలబడి రైల్వే గార్డులా ఊపాను. బండ్లవాళ్లు నిజంగానే ఆగారు, తర్వాత వాళ్ల భాషలో నన్ను బాగానే కడిగేశారు. గురూజీ గొడుగు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను తిరిగొచ్చి గుడ్డను డబ్బాకు కట్టేశాను. ఏ డబ్బాకు కట్టానో చూసుకోలేదు.

"ఆయిల్ జర తగ్గింది," అన్నాడు మిస్త్రీ, బకెట్ పట్టుకుని. "ఎర్రగుడ్డ డబ్బాల కెల్లి రెండు గ్లాసులు పొయ్యి రా. నేను రేడియేటర్‌కు నీళ్లు తెస్త."

కొత్త ఇంజన్ నూనెదీ కుసుమ నూనెదీ ఒకటే బంగారు రంగు. పైగా నాకు జలుబు. రెండు గ్లాసులు పోశాను. మాది దుకాణం ఇల్లు కదా, కొలిచి ఇచ్చాక కొసరు వేయనిదే చెయ్యి ఆగదు. ఒక గ్లాసు కొసరు. సొంత దోస్తు బండి కదా అని ఇంకోటి.

ఘాట్ సగం ఎక్కామో లేదో, గురూజీ ముక్కు ఎగబీల్చాడు. "అరే, భజీ కుఠే తళ్తాయ్?" అన్నాడు, ఎవరో భజీలు వేయిస్తున్నారని.

"నాకు రెండు ప్లేట్లు," అన్నాను నేను.

మిస్త్రీ కూనిరాగం ఆగింది. బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తాడు. బుస్సుమని పొగ. నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, వేలికి రాసుకుని, నాలుక కొసకు తాకించాడు. తర్వాత నా వైపు చూశాడు.

"కుసుమ నూనె పోసినవ్ రా."

"ఎర్రగుడ్డదే పోసిన!"

"గుడ్డ నువ్వే గట్టినవ్."

బండి వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెట్టమన్నాడు. అదే నా వీరగాథ.

ఘాట్ మలుపులో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. దాని యజమాని, బట్టతల పెద్దాయన, పానా పట్టుకుని వచ్చాడు. నేను మిస్త్రీ చెవిలో అన్నాను, "చెయ్యనియ్యి. సాక్షిని నేనే గద. ఎవలకు చెప్పను."

"నువ్వే సాక్షివని నాకు భయం. నువ్వు చెప్పకపోయినా నాకు తెలుస్తది," అని ఆ పెద్దాయనకు చేతులు జోడించాడు. ఆయనకు మా భాష రాదు, ఆ నమస్కారం అర్థమైంది. రోడ్డు అంచున గట్టు మీద కూర్చుండిపోయాడు.

నేను దారి ఖర్చుకు అమ్ముదామని తెచ్చిన తెల్ల మల్లు గుడ్డను మిస్త్రీ నేల మీద పరిచాడు. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరుసలోనే దాని మీద పెట్టాడు, ఒక్కటి కూడా వంకరగా లేకుండా. కింది నూనె గిన్నె దించి, స్టవ్వులోని కిరసనాయిలుతో కడిగాడు. ఆరబెట్టి, మళ్లీ కడిగాడు. గిన్నె బిగించి, రెండో డబ్బాలోని అసలు ఇంజన్ నూనె తనే పోశాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. అతను నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు; తిట్టి ఉంటే నాకు బాగుండేది. చివరి బోల్టు బిగించాక గుడ్డ మీద ఏమీ మిగల్లేదు, నల్లటి చుక్కల వరుస తప్ప. ఇంజన్ స్టార్టయింది. ఆ పెద్దాయన లేచి వచ్చి, మిస్త్రీ కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూసి, మా ముగ్గురికీ కాఫీ తెప్పించాడు. గెలిచిన మల్లయోధుడి చెయ్యినైనా ఎవరూ అట్లా చూడరు.

కన్యాకుమారి చేరాం. మూడు సముద్రాల నీళ్లు వేరుగా కనబడ్డాయని చెబుతుంటాను. నాకు ఒకటే కనబడింది.

తిరిగొచ్చిన రోజు మా నాన్న దుకాణం దిగి, జీపు చుట్టూ తిరిగాడు.

"ఇంకో చెయ్యి తాకిందా?"

"లేదు సేట్‌జీ."

"ఇంజన్ ఇప్పినవా?"

"ఇంజన్ ఇప్పేదేంది బాపూ!" అన్నాను నేను మధ్యలో. "ఒక్క నట్టు సుత ఊడలే!"

"ఇప్పిన సేట్‌జీ," అన్నాడు మిస్త్రీ. "ఘాట్ల, ఒక పూట. ఆయిల్ ఖరాబైంది."

"ఎట్ల ఖరాబైంది?"

మిస్త్రీ బానెట్ మీది దుమ్ము తుడవసాగాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

"సొంత బండికి ఆయిల్ సూస్కోలేనోడివి, ఊరోళ్ల బండ్లేం జూస్తవ్? అడితి ఆయనకే ఇస్త," అని మా నాన్న లోపలికి వెళ్లిపోయాడు.

ఆ క్షణమే నేను నిజం ఒప్పుకున్నానని ఇన్నాళ్లూ చెప్పాను. ఆ క్షణం కాదు. రెండు రోజులు నోరు మూసుకున్నాను. మూడో రోజు అడితి ఆయన వచ్చి గద్దె మీద కూర్చుని, చాయ్ సగం తాగాక చెప్పాను, గుడ్డ సంగతి, కొసరు సంగతి, అన్నీ.

మా నాన్న పడీ పడీ నవ్వాడు. "దోస్తు కోసం అబద్ధమాడుతుండు! మొదటిసారి వీని అబద్ధం ఒకరి పనికొచ్చింది!"

జీవితంలో చెప్పిన ఒక్క నిజానికి దక్కిన మర్యాద అది. నేను మిల్లుకు ఉరికి మిస్త్రీని పట్టుకొచ్చాను. జుట్టు నిండా దూదితో నిలబడ్డాడు.

"వీడు కుసుమ నూనె పోసిండా?" అడిగాడు మా నాన్న.

మిస్త్రీ నన్నూ నాన్ననూ చూశాడు. "గుడ్డ గట్టుడు నా తప్పు సేట్‌జీ. గుడ్డ ఊడుతది. డబ్బా రేకు మీద మొలతోని గాటు పెట్టాలె. ఇప్పుడు పెట్టిన."

మా నాన్న నవ్వు ఆగింది. తర్వాత అడితి ఆయన వైపు తిరిగి, "ఏమనుకోకుండ్రి మాలక్, ఆ జాగ పోయింది," అన్నాడు.

"తుమ్మకంప నువ్వే కొట్టుకోవాలె," అన్నాడు మిస్త్రీతో. "ఇంకో షరతు. మావాణ్ని డబ్బాల దిక్కు రానియ్యద్దు."

ఆ గ్యారేజీలో నాకు సగం వాటా ఉండేదని చాలామందికి చెప్పాను. నిజానికి నాకున్నది ఒక స్టూలు, అదీ నూనె డబ్బాల మూలకు దూరంగా, గుమ్మం బయట వేసింది.