ఊరికే బావ

మా విశాఖపట్నంలో బావ కాని మగాడు లేడు. ఆటో తోలేవాడు బావ, పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తా దింపేవాడు బావ, క్యూలో మనల్ని తోసుకుని ముందుకొచ్చినవాడు కూడా, తిట్టడానికి ముందు, బావే. చుట్టరికంతో పనిలేదు. అలా పిలిచినవాళ్లందరికీ ఇంటి ఆడపిల్లను ఇస్తావా అని ఎవరూ అడగరు. నన్ను మాత్రం అడిగారు.

తొంభైల్లో నేను ఆటోనగర్‌లో, లారీలకూ వ్యాన్లకూ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాణ్ణి. మాది ఎలమంచిలి దగ్గర పల్లె, పొలం చేసుకునే కుటుంబం. నాన్న పోయాక అమ్మనూ చెల్లినీ తీసుకొచ్చి గాజువాకలో అద్దెకు దిగాను. ఆ షెడ్డుకు ఒకతను మరపడవ సామాను వెల్డింగుకు తెచ్చేవాడు. వాళ్లది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. నాకంటే ఏడాది పెద్ద. మొదటిరోజే "ఏటి బావా, నా పనెప్పుడు సేత్తావు?" అన్నాడు. "రేపు సేత్తాను బావా" అన్నాను. ఆ రేపు రావడానికి వారం పట్టింది. ఈలోగా ఇద్దరం స్నేహితులమైపోయాం. తర్వాత అతను వేట మానేసి, రేవు బయట లంగరేసిన ఓడలకు మంచినీళ్లు మోసే బార్జి మీద పనికి కుదిరాడు. సెలవురోజున చేపలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. అమ్మ వండేది. నలుగురం కూర్చుని తినేవాళ్లం. ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి.

ఒక శుక్రవారం సాయంత్రం చెల్లి నా ముందుకొచ్చి నిలబడి, "అన్నయ్యా, సేసుకుంటే నాను ఆయన్నే సేసుకుంటాను" అంది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. వీధిలోకి వినబడేలా అరిచాను. "ఆళ్లేటి, మనవేటి?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఇంకెవరి మీదికీ తొయ్యను.

మర్నాడు అతను షెడ్డుకొచ్చాడు. "బావా, నీతో మాటాడాల" అన్నాడు. ఇన్నేళ్లూ ఉత్తపుణ్యానికి పిలిచిన పిలుపు, నిజమయ్యే వేళకు నోట్లోంచి రాలేదు. "పనిలో ఉన్నానండీ, తర్వాత చూద్దాం" అన్నాను. అతను "అండీ ఏటి బావా?" అని చిన్నగా అని వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లోనే మా షెడ్డులో ఒక వింత బండి తయారైంది. తీర్థయాత్రలు తిరగడానికి ఎవరో చేయించుకున్న వ్యాను. లోపల రెండు పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, కిటికీలకు తెరలు. అప్పగించేముందు రెండ్రోజులు ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిప్పమనీ, ఎక్కడ చప్పుడు చేస్తుందో చూడమనీ మా యజమాని ముందే చెప్పాడు. శ్రీకాకుళం దాకా వెళ్లొద్దామని అంతకు వారం క్రితమే అనుకున్నాం. ఆదివారం పొద్దున్న, మొహాలు మాడ్చుకునే, ముగ్గురం బయల్దేరాం. సామాను నేనే సర్దాను: బియ్యం, పప్పు, మూడు కంచాలు, మూడు గ్లాసులు.

పాతూరు దాటకుండానే అమ్మ, "ఛానల్ కాడ ఆపరా, టీ పెడతాను" అంది. ఓడలు సముద్రంలోంచి రేవులోకి వచ్చే ఇరుకు నీటిదారిని మేం ఛానల్ అంటాం. ఒడ్డున బండి ఆపాను. పక్కనే నలుగురు గాలాలు వేసుకుని కూర్చున్నారు.

బార్జిల్లో చూడ్డానికి ఏముంటుంది? ఇంజను లేదు, తెరచాప లేదు. నీళ్ల మీద ఒక ఇనుప పెట్టె, దాన్ని ముందు లాగే చిన్న టగ్గు పడవ. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. నల్లరాళ్లు నింపుకున్నది ఒకటి, అంచుదాకా మునిగి, మెల్లగా సముద్రం వైపు పోయింది. దించేసి వచ్చేది ఒకటి ఎత్తుగా, తేలిగ్గా ఎదురొచ్చింది. తాము కట్టిన బండి ఎక్కడికి పోతుందో బాడీలు కట్టేవాళ్లకు తెలియదు. ఈ బార్జికి కూడా తన దారి తన చేతిలో లేదు, బరువు మాత్రం తనదే. నా లోపల ఉన్న బరువు ఎవరు ఎక్కించింది అని ఆలోచించాను. నేనే.

"అడుగున ఎర్ర రంగు కనబడితే కాళీ అన్నమాట అన్నయ్యా. నిండుగుంటే ఆ రంగు నీళ్లలోకి దిగిపోద్ది" అంది చెల్లి. రెండ్రోజుల తర్వాత నాతో ఆడిన మొదటి మాట అది. ఆ వెంటనే అమ్మవైపు తిరిగి, "మంచినీళ్లది ఇంకా రాలేదు" అంది. టీ ఎందుకు తాగాల్సొచ్చిందో అప్పుడు అర్థమైంది.

నేను లేవబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "నీకిట్టం లేకపోతే సేసుకోదట. అలగని ఇంకొకర్నీ సేసుకోదట. ఎనిమిదేళ్లు ఆడు తెచ్చిన సేపలు తిన్నావు గదా, ఏ ఒక్కరోజైనా ముల్లు గుచ్చుకుందేటి?"

జవాబు చెప్పేలోపే ఆ బార్జి వచ్చింది. ఎర్ర రంగు ఎక్కడా కనబడలేదు. అతను ముందువైపు నిలబడి తాడు చుడుతున్నాడు. నన్ను చూశాడు. చెయ్యి భుజం దాకా లేచింది, నోరు తెరుచుకుంది. అంతలోనే చెయ్యి దించేసుకుని, వీపు తిప్పి, తాడుమీదికి వంగిపోయాడు. ఎనిమిదేళ్లలో నన్ను చూసి కేక వెయ్యకుండా పోయింది లేదు. నాకు ఏడుపొచ్చింది. అతని నోట్లోంచి ఆ పిలుపు లాగేసింది నేనే అని తెలిసి, నామీద నాకే అసహ్యం వేసింది.

టగ్గు ఎవరికోసమూ ఆగదు. ఒడ్డు అంచుకు పరిగెత్తి, "బావా!" అని అరిచాను.

గాలాలవాళ్లు నలుగురూ తలలు తిప్పారు. దారిన పోయే సైకిలు ఆగింది. టగ్గులోంచి కూడా ఒకడు తొంగిచూసి "ఏటి బావా?" అన్నాడు. తిరగాల్సినవాడు మాత్రం తిరగలేదు. తనను కాదనుకున్నాడు.

"నిన్నే! మంచినీళ్ల బావా!"

అప్పుడు తిరిగాడు. నోటికి చెయ్యి అడ్డంపెట్టి అడిగాడు: "ఊరికే బావా?"

"ఊరికే కాదు!" అని అరిచాను. "నిజంగానే బావా!"

"బావల్లో ఊరికేవోళ్లూ నిజంవోళ్లూ ఉంతారేటి?" అని గాలాలవాళ్లలో ఒకాయన పక్కాయన్ని అడిగాడు. బార్జి మీద అతను చుట్టిన తాడుమీదే కూలబడిపోయాడు. చెల్లి కిటికీ తెర మొహానికి అడ్డంపెట్టుకుంది.

శ్రీకాకుళం వెళ్లలేదు. అక్కడే అన్నం వండుకున్నాం. మధ్యాహ్నం దాటాక బార్జి తిరిగొస్తుంటే ఈసారి ఎర్ర రంగు ముందు నాకే కనబడింది. "కాళీగా ఒత్తంది" అన్నాను చెల్లితో. కంచాలు తియ్యమని అమ్మతో చెప్పబోయి, మూడే సర్దిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను. అమ్మ తన బట్టల సంచిలో చెయ్యిపెట్టి నాలుగోది బయటికి తీసింది.