ఒక అడుగు ఎక్కువ

మొన్న గురువారం పొద్దున ఆత్మకూరులో నా సైకిల్ షాపు ముందు కూర్చొని చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. బెంగళూరులో పిల్లలకు ఆట నేర్పుతూ మా మేనకోడలు మైదానంలోనే కుప్పకూలిందట. దవాఖానకు చేరేలోపే పోయిందట. "రాంగ్ నంబర్" అని పెట్టేశాను. నాకు డెబ్బై ఆరు, ఆమెకు ముప్పై తొమ్మిది. అలాంటి కబురు నా గురించి ఆమెకు పోవాలి గానీ, ఇదేమిటి? ఫోన్ మళ్లీ మోగింది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

మీలో చాలామంది ఆమెను టీవీలో చూసే ఉంటారు. దేశం తరఫున బాస్కెట్‌బాల్ ఆడింది. విదేశీ క్లబ్బులు జీతమిచ్చి పిలిపించుకున్నాయి. విమానాశ్రయాల్లో జనం ఫొటోలకు ఎగబడేవారు. మా ఊరికి మాత్రం ఆ ఆటేమిటో చివరిదాకా అంతుపట్టలేదు. సన్మానానికి బస్టాండులో కట్టిన ఫ్లెక్సీలో ఆమె చేతికి క్రికెట్ బ్యాటు అంటించారు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆమె పడిపడి నవ్వింది. "ఉండనియ్ మామా, గదన్న నేర్సుకుంట."

టీవీ వాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే: మీ బంతి అంత ఎత్తుకు లేచి, నిట్టనిలువుగా బుట్టలో ఎలా పడుతుంది? ఆమె జవాబూ ఒకటే: "మా మామ నేర్పిండు." ఆ ఒక్క మాట మీద ఇరవై ఏళ్లు ఊళ్లో పెద్దమనిషిగా చలామణి అయ్యాను. అసలు సంగతి ఆమెకు చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే ఇక్కడిదాకా తెచ్చుకున్నాను.

ఆమె చదివే రోజుల్లో బడిలో వ్యాయామం సారు బుట్ట కోసం పది అడుగుల ఎత్తున ఇనుప చక్రం బిగించమన్నాడు. చిన్న సైకిల్ రిమ్ము నేనిచ్చాను. దర్జీ దగ్గర టేపు ఉంది గానీ, అది జాకెట్లకే అనుకున్నాం. పది అడుగులంటే ఏడు మూరలని లెక్క కట్టింది నేను. మూర వేసింది మా బావ, అంటే ఆమె తండ్రి. ఆయన చెయ్యి మామూలు చెయ్యి కాదు. పూలు కొన్నా తన మూరతోనే కొలవాలని పేచీ పెట్టేవాడు. సంతలో పూలామె ఆయన్ను చూస్తే గంప మీద బట్ట కప్పేది.

ఆ చక్రం కిందే మూడేళ్లు ఆడి మా పిల్ల నా వెంట వనపర్తి ఎంపికలకు పోయింది. బంతులన్నీ బుట్ట దాటిపోయాయి. "ఏంది పెద్దమనిషీ, పిల్లకు పిట్టలు కొట్టుడు నేర్పినవా?" అన్నాడొకాయన. ఆమె ఏడుస్తూనే చెయ్యి సరిచేసుకుంది. సాయంత్రానికి ఒక్కటీ తప్పలేదు, ఎంపికైంది. నేను ఊరికొచ్చి బడిలో చక్రం ఎత్తు దర్జీ టేపుతో కొలిచాను. పదకొండు అడుగులు. నోరు మూసుకున్నాను.

శుక్రవారం ఆమెను తెచ్చారు. ఆమెతో ఆడిన అమ్మాయిలు ఆరుగురు పాడెకు భుజం పెట్టారు. "ఆడోళ్లు మోసుడేందిరా?" అని మా కులపెద్ద గొణిగాడు. వాళ్లకు తెలుగు రాదు, బతికిపోయారు.

దారి మధ్యలో పాడె దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పిలవడం మనకున్న ఆచారం. ప్రాణం తిరిగొస్తుందేమోనన్న ఆశ. "మేనమామవు, నువ్వే పిలువు" అన్నారు. వంగాను. పేరు నోటికి రాలేదు.

"బిడ్డా, నేనేం నేర్పలే. కొలత తప్పిన. చెప్పనీకి సిగ్గయ్యింది."

"జర గట్టిగ పిలువు, ఇనవడ్తలేదు" అన్నాడు వెనక నుంచి ఎవరో. ఇంకో రెండుసార్లు అదే చెప్పాను.

అమ్మాయిలు పాడె ఎత్తారు. అందరూ ఆరడుగుల పైమాటే. నా భుజం అందలేదు. మునివేళ్ల మీద లేచి, చెయ్యి చాచి, వెదురును తాకుతూ నడిచాను.