శాలువాలో చుట్టిన పెట్టె

మా తాతగారి జరీ అంచు శాలువాను నేను ఏడాదికి రెండు మూడు సార్లకు మించి బయటికి తీయను. సూరత్‌లోని బమ్రోలిలో మాకు మరమగ్గాల షెడ్డు ఉన్న రోజుల్లో ఆయన దాన్ని భుజాన వేసుకుని మగ్గాల మధ్య నడిచేవారు. ఆ షెడ్డు ఎప్పుడో చేతులు మారింది. నాకు దక్కినవి ఒక ఇనప్పెట్టె, అందులోని ఈ శాలువా, నిటారుగా నడిచే అలవాటు. ఆ అలవాటును అమ్మమని ఎవరూ అడగలేదు కనుక మిగిలింది.

నేను సూరత్ శివార్లలోని ఒక ప్రయోగశాలలో వ్యవసాయ టెక్నీషియన్లకు శిక్షణ ఇస్తాను. పరాయి దేశాల నుంచి వచ్చిపడిన కత్తెర పురుగు మొక్కజొన్న సుడిని తినేస్తుంది. దాని గుడ్లలోనే తన గుడ్లు పెట్టే ఒక చిన్న కందిరీగ ఉంది. ఆవగింజ మీద రెండు మూడు హాయిగా కూర్చోగలవు, అంత చిన్నది. బియ్యానికి పట్టే రెక్కల పురుగు గుడ్లను అట్టముక్క మీద జిగురుతో అంటించి, వాటిలో ఈ కందిరీగల చేత గుడ్లు పెట్టిస్తాం. అట్ట మీది గుడ్లు నల్లబడతాయి. కందిరీగలు బయటికి రాకముందే అట్టను ముక్కలు చేసి ఆకుల అడుగున గుచ్చి రావాలి. నేను నేర్పేది ఈ పనే. చేతికి ఓర్పు ఉన్నవాళ్లకే ఇది వస్తుంది.

ఒక బ్యాచ్‌లో, సూరత్‌లోనే మన తెలుగువాళ్లుండే భేస్తాన్ నుంచి ఒకామె వచ్చేది. ఆమె తండ్రి తెలంగాణ నుంచి వలస వచ్చి, ఒకప్పుడు మా షెడ్డులో మగ్గం నడిపాడు. ఆ సంగతి మొదటి రోజే చెప్పింది. నేను విననట్టే ఊరుకున్నాను. అంతకుముందు ఆమె రింగ్ రోడ్‌లోని ఒక దుకాణంలో పొద్దంతా చీరలు మడతపెట్టేది. ఈ పరీక్ష నెగ్గితే టెక్నీషియన్ పని, లేకపోతే మళ్లీ ఆ చీరలే.

పరీక్షలో ప్రతి ఒక్కరూ తమ అట్టలను ఒక పెట్టెలో పెట్టి ఇవ్వాలి. సగం పొలంలో గుచ్చుతాం, సగం ప్రయోగశాలలో గాజు గొట్టాల్లో ఉంచి, కందిరీగలు వచ్చాయో లేదో చూస్తాం. ఆ రోజు పై అధికారి వస్తున్నారని నేను శాలువా వేసుకుని వెళ్లాను. జీపులో, పెట్టెలకు ఎండ తగలకుండా ఉంచే థర్మోకోల్ డబ్బా నిండిపోయి ఆమె పెట్టె ఒక్కటే మిగిలింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. పెట్టెను ఒడిలో పెట్టుకుని శాలువాతో చుట్టాను. పొలంలో సగం అట్టలు తీసి గుచ్చాక, మిగతావాటిని మళ్లీ అలాగే చుట్టి తెచ్చాను. ప్రయోగశాలకు రాగానే అధికారితో మాటల్లో పడి ఆ మూటను బల్ల మీద వదిలేశాను. మర్నాడు ఉదయం విప్పి, అట్టలను గొట్టాల్లో వేశాను.

మూడో రోజుకు అందరి గొట్టాల్లోనూ కందిరీగలు సన్నటి నల్లపొడిలా కదులుతున్నాయి. ఆమె గొట్టాల్లో కదలిక లేదు. నేను భూతద్దం పెట్టి చూసి, అందరి ముందూ అన్నాను: "జిగురు ఎక్కువైంది. నూలుకు గంజి పట్టించినట్టు పట్టించావు."

కొందరు నవ్వారు. ఆమె మధ్యాహ్నం బస్సెక్కి పొలానికి పోయి, అక్కడ గుచ్చిన తన అట్టముక్కలు పీకి మర్నాడు నా బల్ల మీద పెట్టింది.

"జర చూడుండ్రి సార్. గుడ్లకు బొక్కలు పడ్డయి. పురుగులన్ని ఎల్లిపోయినయి. గదే కార్డు, గదే గోందు. ఆడ పుట్టినయి, ఈడెందుకు పుట్టలే?"

చూశాను. నల్లటి ప్రతి గుడ్డుకూ చిన్న రంధ్రం ఉంది. ఆమె తన ఖాళీ పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత, ఆ రోజు నుంచీ నా కుర్చీ మీదే ఉన్న శాలువా వైపు చూసింది.

"డాంబర్ గోలీలు సార్."

మా ఇంట్లో బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయకపోవడమంటే దేవుడి గదిలో దీపం పెట్టకపోవడం వంటిది. ఆ వాసన నాకు వాసనలా తోచదు, ఇంటి గాలిలా తోస్తుంది. పురుగుల్ని చంపే మందు వాసన కందిరీగలకు ఎక్కడా తగలనివ్వొద్దని రోజూ పాఠం చెప్పేవాణ్ణి, ఆ మందునే శాలువాగా చుట్టి ఒక రాత్రంతా ఉంచాను.

"మా నాయిన చెప్తుంటడు సార్," అంది ఆమె. "మీ తాత కార్ఖానకు వస్తుంటే మనిషికన్న ముందు వాసన వచ్చేదంట. అందరు సక్కగ నిలబడేటోళ్లంట."

వెనకనుంచి కరీంనగర్ వైపు కుర్రాడొకడు అందుకున్నాడు: "పురుగులు గూడ గట్లనే సలాం కొట్టి పండుకున్నయేమో!"

గది ఘొల్లుమంది. ఫలితాల కాగితం మీద ఆమె పేరుకు ఎదురుగా అప్పటికే రాసిన 'ఫెయిల్' కొట్టేసి, 'పాస్' అని రాశాను. అంతటితో సరిపోతుందనుకున్నాను.

ఆమె కదలలేదు. "కారణం ఏం రాస్తరు సార్? గది రాయకుంటే, మనోళ్ల పిల్లని సార్ పాస్ చేసిండంటరు."

ఆ కాగితం అధికారి చూస్తారు. మా ఇంట్లో ఎవరూ కూలి మనిషి ముందు గానీ, అధికారి ముందు గానీ తప్పు ఒప్పుకున్నట్టు నాకు తెలియదు. మా నాన్న అలా ఒప్పుకోలేకనే చివరి మగ్గం దాకా పోగొట్టుకున్నారు. కలం మూత మళ్లీ తీశాను. తర్వాత, నా దస్తూరీతో, నిలువుగా, స్పష్టంగా రాశాను: 'శిక్షకుడి పొరపాటు. అట్టలను కలరా ఉండల వాసన ఉన్న శాలువాలో చుట్టడం వల్ల.' లేచి నిలబడి, ఆ వాక్యాన్ని అందరికీ చదివి వినిపించాను. జిగురు గురించి అన్న మాట కూడా వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా వీపు వంగలేదు కూడా, అది నాకే వింతగా ఉంది.

ఇప్పుడు ఆమె మా దగ్గరే టెక్నీషియన్. కొత్త బ్యాచ్ మొదటి రోజున గుమ్మం దగ్గర నిలబడి, అత్తరు పూసుకున్నవాళ్లనూ, దోమల మందు రాసుకున్నవాళ్లనూ వెనక్కి పంపుతుంది. మొన్న నేను శాలువా వేసుకుని వచ్చాను. ఇనప్పెట్టెలోంచి తీసి రెండు వారాలు డాబా మీద గాలికి ఆరేసిన శాలువా. అయినా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగుండ్రి సార్."

అంచు పట్టుకుని వాసన చూసింది. కొత్తవాళ్లంతా చూస్తున్నారు. నేను నిటారుగా నిలబడి ఉన్నాను, మా తాత వస్తే వాళ్ల నాన్న నిలబడినట్టు.

"మంచిగుంది, పోండ్రి," అంది.