తేనెటీగలకు ఒడిబియ్యం

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో అపార్ట్‌మెంటు అనే మాట ఎవరికీ తెలియదు గానీ, అపార్ట్‌మెంటులో ఉండే బాధలన్నీ మాకు అప్పటికే తెలుసు. నలుగురికీ ఒకే మెట్లు, ఒకే బావి, ఒకరింట్లో పోపు వేస్తే నాలుగిళ్లలో తుమ్ములు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు భయపడి పట్నం చేరిన దొర, పోలీసు చర్య జరిగి యూనియన్ సైన్యం వచ్చాక కూడా తిరిగి రాలేదు. ఆయన గడికి, అంటే కోటలాంటి ఆ మేడకు, సర్కారు తాళం పడింది. కింది అంతస్తులో దొర సామానంతా పెట్టి సీలు వేశారు. మేడమీది నాలుగు గదులు మాత్రం ఇళ్లు దొరకని తాలూకా కచేరీ నౌకర్లకు ఇచ్చారు. అందులో ఒకటి మా బావది. బావ గిర్దావరు, అంటే ఊళ్లు తిరిగి పొలాల లెక్కలు చూసుకునే ఉద్యోగం, నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. అక్కకు తోడుగా నన్ను తెచ్చి, అదే కచేరీలో కాగితాలకు నకళ్లు రాసే పనిలో పెట్టాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. చెవి మీద కలం పెట్టుకుని బజారులో నడుస్తుంటే ఊరంతా నన్నే చూస్తోందనుకునేవాణ్ని (ఎవరూ చూసేవాళ్లు కాదని అక్క చాలాసార్లు చెప్పింది).

గడిలో ఉన్నది మేమొక్కళ్లమే కాదు. దూలాల్లో గబ్బిలాలు, గోడ తొర్రల్లో పావురాలు, వంటింట్లో ఎలుకలు, ఎలుకల కోసం అప్పుడప్పుడు వచ్చిపోయే జెర్రిపోతు ఒకటి. వీటన్నిటితో ఎలాగో సర్దుకున్నాం. కానీ మా గది కిటికీ మీద, బయటి కమానుకు, బండిచక్రంలో సగమంత తేనెతుట్టె ఒకటి వేలాడుతుండేది. అవి పెద్ద ఈగలు, గుంపుగా కుడితే మనిషి బతకడం కష్టమనే రకం. వేల ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని నల్లగా కదలకుండా ఉండేవి. గద్ద నీడ పడితే చాలు, తుట్టె మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సర్రున అల పోయేది. మొదటిసారి ఆ అల చూసినప్పుడు నా చేతిలోని చాయ్ చల్లారిపోయింది. భయపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండి, పరిశీలిస్తున్నానని చెప్పాను.

అయితే ఆ తుట్టెను ఎవరూ ఎందుకు తీయలేదంటే, అందుకు కారణం నేనే. గడికి సీలు వేసేనాడు సామాను జాబితా రాసే పని నాకు పడింది. నా కొలువులో అది మూడో రోజు. "ఉన్నది ఉన్నట్టు రాయాలె, పుల్ల గూడ ఇడువొద్దు" అని పెద్ద గుమాస్తా చెప్పాడు. నేను పుల్ల కూడా విడువలేదు. మంచాలు, గంగాళాలు, పగిలిన లాంతరు, జింక కొమ్ములు అన్నీ రాసి, ఆఖరున తలెత్తి చూసి, చక్కని ఉర్దూలో "తేనెతుట్టె ఒకటి, ఈగలతో సహా" అని కూడా రాశాను. కింద అధికారి సంతకం, పక్కన ఇద్దరు సాక్షుల వేలిముద్రలు. ఆ రోజు నా అంత బుద్ధిమంతుడు తాలూకాలో లేడనుకున్నాను.

ఆ రాతతో ఈగలు సర్కారు ఆస్తి అయిపోయాయి. గడి కాపలాకు ఒక మీసాల జమాదారు ఉండేవాడు. చదువు రాదు గానీ జాబితా మొత్తం నోటికి వచ్చు. పొద్దునా సాయంత్రం గడి చుట్టూ తిరిగి ఒక్కొక్క వస్తువునూ పేరు పెట్టి పిలిచినట్టు చూసుకునేవాడు. పక్క గదివాళ్లు ఒకసారి కాగడాతో తుట్టెను కాల్చేద్దామని నిచ్చెన తెస్తే, లాఠీ అడ్డం పెట్టి నిలబడ్డాడు. "సర్కారీ మాల్! ఒక్క ఈగ తక్కువైనా నా నౌకరీ పోతది!" అన్నాడు. ఈగలను లెక్కపెట్టింది ఎవరని వాళ్లు అడిగితే మేడ మీద ఉన్న నన్ను చూపించాడు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, అక్కకు నెలలు నిండేదాకా. అక్క సంగతి చెప్పాలి. అంతకు రెండేళ్ల కింద రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు ఆమె జొన్నచేలో దాక్కుంది. అక్కడే, నెల తక్కువగా, మొదటి కాన్పు అయింది. ఏడ్చే పిల్ల నోరు మూయాల్సి వస్తుందేమోనని వణికిపోయిందట. ఆ పిల్ల ఏడవనే లేదు. ఆ మాట అక్క నాతో ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. అమ్మ లేదు కనుక కాన్పుకు పోవడానికి పుట్టిల్లు లేదు. ఉన్నదల్లా ఈ గడి గది, పంతొమ్మిదేళ్ల తమ్ముడు. ఈసారి బిడ్డ గట్టిగా ఏడవాలి, అక్క బతకాలి. నాకు వేరే కోరిక లేదు.

మంత్రసాని అవ్వ వచ్చి గది చూసి, కిటికీ చూసి, నోటి మీద చేయి పెట్టుకుంది. "ఏంది పిలగా, గిండ్ల కాన్పు జేస్తమా? కుంపటి బెట్టాలె, ఓమ పొగెయ్యాలె, సాంబ్రాణెయ్యాలె. పొగ తగిల్తె గవి ఊకుంటయా? తల్లినీ బిడ్డనూ ఇడుస్తయా?"

"వేరే గదిల..." అన్నాను.

"వేరే గదుల ఎవలున్నరు? అందరు సంసారులే. తాళమేసిన గదులేమో నీ సర్కారుయి. ఆ పొద్దు రాసినోనివి, ఇయ్యాల తియ్యి."

ఆ మధ్యాహ్నమే కొత్త తహసీల్దారు ఎదుట నిలబడ్డాను. ఆయన కోస్తా వైపు నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన పెద్దమనిషి. నా అర్జీ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "సీలు చేసిన ఆస్తిని కదిలించే అధికారం నాకు లేదయ్యా. పట్నం రాయాలి. పది పదిహేను రోజులు పడుతుంది," అన్నాడు. పది పదిహేను రోజులు ఆగమని అక్క కడుపుకు ఎవరు చెప్తారు? బయటికొచ్చి జమాదారు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. జాబితాలో ఆ వరుస కొట్టేస్తానన్నాను. "కాగితం మీద కొట్టేస్తె గోడ మీదికెల్లి పోతదా?" అన్నాడు జమాదారు. నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆయన మీసాలు కిందికి వాలాయి. గొంతు తగ్గించి, "తేనె తాతను అడుగు. తియ్యద్దంటున్న గని, అడుగద్దంటున్ననా," అన్నాడు.

తేనె తాత పెద్ద చెరువులో చేపలు పట్టుకునే ముసలాయన. ఎండాకాలం నీళ్లు తగ్గితే తేనె తీసేవాడు. ఎన్ని తుట్టెలు తీసినా బెత్తెడు ముక్క ఈగలకు విడిచిపెట్టేవాడని పేరు. మరునాడు పొద్దున్నే స్నానం చేసి, వాసనకు ఈగలు రేగుతాయని తలకు నూనె కూడా రాయకుండా వచ్చాడు. చేతిలో కాగడా లేదు, కుండ లేదు. కమాను కింద గొంతుక్కూర్చుని, చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు. నేను ఒకసారి దగ్గితే చేత్తో ఆగమన్నాడు.

"అంచు ఎండింది సూడు," అన్నాడు చివరికి. "పిల్లల ఇండ్లు ఖాళీ అయినయ్. తేనె తాగేసిన్రు. వేపపూత అయిపాయె, ఇగ ఈడ వాళ్లకేం పని? పోతరు."

"ఎప్పుడు తాతా?"

"నాల్గొద్దులు, ఐదొద్దులు."

"అక్కకు నొప్పులు ఈ రోజో రేపో అంటున్నరు. ఎల్లగొట్టలేమా?"

తాత నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. "ఆడపిల్లలు సారు ఇవి. పూత కాలానికి పుట్టింటికొచ్చినట్టు వస్తరు, పిల్లలను గంటరు, పోతరు. ఇంటి ఆడపిల్లను ఎల్లగొడ్తరా? ఒడిబియ్యం బోసి సాగనంపుతరు గని. ఇంటికి అన్నో తమ్ముడో ఉన్నరా?"

పుట్టింటి తరఫున ఆడపిల్ల కొంగులో పసుపు బియ్యం పోయాల్సింది అన్నదమ్ములే; మేడ మీద మగవాణ్ని ఆ వేళ నేనొక్కణ్నే. అలా సర్కారు కచేరీ నకలు గుమాస్తాను, చెవి మీద కలంతో సహా, కమాను కింద చాట పట్టుకుని నిలబడ్డాను. చాటలో ఐదు సోలల బియ్యం, పసుపు కలిపినవి. పైన ఎండుకొబ్బరి కుడక, ఎండు ఖర్జూరం, బెల్లం ముక్క, రవిక గుడ్డ లేదు గనుక అక్క చీరలోంచి చింపిన ఎర్ర అంచు. తల మీద వేల ఈగలు. తాత చెప్పించినట్టు చెప్పాను: "అమ్మల్లారా, మా అక్క ఈ ఇంట్ల కాన్పుకుంది. మీరు సల్లగ పోయి మల్ల రాండ్రి." చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడానికి ధైర్యం లేదు. చాట కింద పెట్టేటప్పుడు చేతులు వణికి బియ్యం గలగలా రాలాయి. తుట్టె మీద అల ఒకటి పోయింది. కిటికీ లోపలి నుంచి అక్క నవ్వు వినపడింది, ఎన్నాళ్లకో విన్న నవ్వు. "నాకు పెండ్లయి నాలుగేండ్లాయె, ఒక్కపారి పొయ్యకపోతివి. ఈగలకు ఒడిబియ్యం బోస్తున్నవారా తమ్మీ!"

మూడో రోజు పొద్దుటే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఈగలు అక్కడే ఉన్నాయి. మంత్రసాని అవ్వ కుంపటి ముట్టించబోతే తలుపుకు అడ్డం నిలబడి చేతులు జోడించాను. "పొగొద్దు అవ్వా, జర ఆగు." అవ్వ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, పొగ లేకుండా మాత్రం పని మొదలుపెట్టింది. నేను కిందికి పోయి కమాను ఎదురుగా నిలబడ్డాను. ఒక చెవిలో అక్క మూలుగు, ఇంకో చెవిలో ఈగల రొద. జమాదారు వచ్చి పక్కన నిలబడ్డాడు.

పొద్దు బారెడెక్కాక రొద మారింది. మొదట ఒక అంచు నుంచి పది ఈగలు లేచాయి, తర్వాత వంద, ఆ తర్వాత తుట్టె తుట్టెగా ఊడి గాలిలో కలిసిపోయింది. ఆకాశం గోధుమ రంగైంది. ఆ మోత ఎముకల్లోకి వచ్చింది. మేమిద్దరం కదల్లేదు, పారిపోవాలని తోచలేదు కూడా. అంతటి గుంపు మా తలల మీద ఒక్కసారి చుట్టు తిరిగి, ఒక్క మనిషిని ముట్టకుండా, చెరువు కట్ట మీదుగా దక్షిణంగా సాగిపోయింది. వెనక కమానుకు తెల్లని మైనం రేకు ఒక్కటి మిగిలింది. అంతకుముందు సైన్యం ట్రక్కులు చూశాను, దళాలు చూశాను, దొరలు పారిపోవడం చూశాను. ఏదీ నన్ను అంత చిన్నవాణ్ని చేయలేదు. జమాదారు లాఠీ చంకన పెట్టుకుని సలాం చేశాడు. ఎవరికో ఆయనకూ తెలిసినట్టు లేదు.

"పోయినయ్ అవ్వా! పొగెయ్యి!" అని మెట్ల మీద అరుస్తూ పరుగెత్తాను. ఎండ దిగేలోపు మేనకోడలు పుట్టింది. గడి నాలుగు గదులు దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని అక్క ఏడ్చింది, అక్కను చూసి నేను తలుపు అవతల గోడకు మొహం తిప్పుకుని ఏడ్చాను. ఇరవై ఒకటో రోజున పుట్టింటి తరఫున అక్క ఒడిలో బియ్యం పోసింది నేనే. ఈసారి చేతులు వణకలేదు.

పట్నం నుంచి జవాబు ఆ తర్వాత వారానికి వచ్చింది: తుట్టెను ఈగలతో సహా కచేరీలో హాజరుపరచవలసిందని. జమాదారు మొహం పాలిపోయింది. నేను రాత్రికి రాత్రి పెద్దవాణ్నైపోయినవాడిలా కూర్చుని, ఆ కాలంలో అజ్ఞాతంలో ఉన్న సంఘం వాళ్ల పేర్ల ఎదుట రాసే మాటే రాశాను: "ఫరారీ." తహసీల్దారు అది చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "పట్టుబడినప్పుడు హాజరుపరచవలెను" అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం పెట్టెలోకి పోయింది. ఆయన భుజాలు మాత్రం సాయంత్రం దాకా నవ్వుతో కదులుతూనే ఉన్నాయి.

అక్క ఇప్పుడు లేదు. ఆ మేనకోడలే నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది, హయత్‌నగర్‌లో, ఐదో అంతస్తులో. మొన్న మా బాల్కనీ పక్క సజ్జ కింద తేనెతుట్టె కనిపించిందని అపార్ట్‌మెంటంతా గోల. ఆదివారం మందు కొట్టేవాళ్లు వస్తున్నారన్నారు. ఆఫీసులో పనిచేసినవాణ్ని కదా అని అర్జీ నన్నే రాయమన్నారు. నేను కుర్చీ వేసుకుని పొద్దంతా తుట్టెను చూశాను. అంచు ఎండింది. ఐదు రోజులు ఆగమని సెక్రటరీని బతిమాలాను, ఈ ముసలాయన చాదస్తమని తలూపాడు గానీ ఆగాడు. తెల్లవారి ఎవరూ లేవకముందే చాటలో బియ్యం పసుపు కలిపి, బాల్కనీ గోడ మీద పెట్టి, పంతొమ్మిదేళ్లప్పటి మాటలే మెల్లగా అంటున్నాను. చేతులు మళ్లీ వణుకుతున్నాయి, ఈసారి వయసు వల్ల.

వెనక తలుపు చప్పుడైంది. మేనకోడలు, తలంతా నెరిసిన మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి నవ్వుతోంది.

"నాకు పోసి ఎన్నేండ్లాయె మామా? ఈగలకు బోస్తున్నవా!"

అచ్చం అక్క గొంతే. చాట తీసుకుని ఆమె వైపు తిరిగాను, ఆమె కొంగు పట్టింది.