లేని కోత

మా హెడ్ సిస్టర్ ఇక లేరని ఫోను వచ్చినప్పుడు నేను హన్మకొండ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. కిడ్నీలు పాడై డయాలిసిస్‌తో నెట్టుకొస్తున్నారు కాబట్టి ఎదురుచూడని కబురేమీ కాదు. అయినా ఆటోవాడు "ఎక్కుతరా లేదా మేడం?" అని గట్టిగా అరిచేదాకా ఆటో వచ్చి ఆగిన సంగతే గమనించలేదు. ఎక్కి డ్యూటీకే వెళ్ళాను. వార్డులో మనుషులు తక్కువ, సెలవు కోసం బతిమాలే ఓపిక నాకు లేదు. మధ్యాహ్నం అక్కణ్ణుంచే వాళ్ళింటికి బయలుదేరాను.

నర్సుగా ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. మా ప్రైవేటు దవాఖానలో రోగుల వివరాలు కాగితాల నుంచి కంప్యూటర్లోకి మారిన రోజులవి. ఎవరు ఏ మందు ఇచ్చినా, ఏం చూసినా తమ పాస్‌వర్డుతో తెరిచి తమ పేరు మీద రాయాలి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నది చెరగదు. దొంగ బిల్లులు తగ్గుతాయని అదంతా తెచ్చారు. మేమేం చేశామంటే, ఎవరిదో ఒకరిది తెరిచి పెట్టుకుని అందరం అందులోనే రాసేవాళ్ళం. డాక్టరుగారి పాస్‌వర్డు మానిటర్ అంచున ప్లాస్టర్ ముక్క మీద అతికించి ఉండేది. ఆవిడ మాత్రం టీకి లేచినా తనది మూసి లేచేవారు. "అక్క ఇంటికి తాళం ఏస్తదో లేదో గని కంప్యూటర్‌కు మాత్రం ఏస్తది" అని ఆటపట్టిస్తే, "నా పేరు మీద నువ్వు సూదేస్తే, అడిగెటోళ్లకు నేనేం చెప్పాలె బిడ్డా?" అనేవారు.

ఇంకో అలవాటుకైతే నాకు నిజంగానే విసుగొచ్చేది. సేవ్ నొక్కేముందు రాసింది రోగికి చదివి వినిపించేవారు. "జరమొచ్చింది, పొద్దుగాల ఇడ్లీ తిన్నవు, కక్కుకోలే. గంతేనా?" రోగి తలూపాలి. ములుగు నుంచి వచ్చిన ఒక తాత "ఇడ్లీ కాదవ్వా, ఉప్మా" అంటే అదీ దిద్దారు. అవతల మంచాల మీద జనం మమ్మల్ని కేకలేస్తుండేవారు.

ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చిలోంచి తాలుకాయలు ఏరే ఒకామె గాల్‌బ్లాడర్‌లో రాళ్ళతో మా దగ్గరికి వచ్చింది. నొప్పికి మంచం మీద ముడుచుకుపోయింది. స్కానింగులో రాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. సర్కారు కార్డు మీద ఆపరేషన్‌కు అనుమతి అడిగితే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఆమెకు గాల్‌బ్లాడర్ ఇదివరకే తీసేశారని రికార్డు చెబుతోంది. కొన్నేళ్ళ కిందట వేరే దవాఖానవాళ్ళు యార్డులో క్యాంపు పెట్టారట. కళ్ళు తిరుగుతున్నాయంటే తీసుకెళ్ళి, వేలిముద్ర వేయించుకుని, సెలైన్ ఎక్కించి మర్నాడు పంపేశారట. చెయ్యని ఆపరేషన్ ఆమె పేరు మీద రాసి సర్కారు డబ్బు తీసుకున్నారు.

మా మేనేజర్‌కు దారి చిటికెలో దొరికింది. "వేరే రోగం పేరు పెట్టున్రి సిస్టర్, మాపటికల్లా అప్రూవల్ వస్తది. లోపల ఏం తీసిన్రో ఎవలకెర్క?" ఆయన కూడా ఆమె బాధ చూడలేకే అన్నారు. నేనూ వంతపాడాను. "జల్ది కానియ్యి అక్కా, ఆమె పానం పోయేటట్టున్నది."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "ఒక అబద్ధం రాసిన్రు, అందుకే ఈమె ఇట్ల పడ్డది. మనం ఇంకోటి రాస్తే రేపు లేని రోగానికి మందులిస్తరు" అన్నారు.

లేచి తెర లాగి, ఆమెను అడిగి పొట్ట చూశారు. తన పాస్‌వర్డుతో తెరిచి, పొట్ట మీద ఎక్కడా కోత గుర్తు లేదని, స్వయంగా చూశానని రాశారు. సర్జన్‌ను పిలిచి ఆయన పాస్‌వర్డుతో ఆయన చేతే రాయించారు. అంత నొప్పిలోనూ ఆమెకు చదివి వినిపించారు. "అవు సిస్టరమ్మా, నన్నెన్నడు కొయ్యలే" అని ఆమె మూలిగింది. అప్పుడు సేవ్ నొక్కారు.

ఇక ఫోన్లు. అనుమతులిచ్చే ఆఫీసులో ఒకరు ఇంకొకరికి ఇస్తారు, వాళ్ళు మళ్ళీ మొదటివాళ్ళకే ఇస్తారు. ఆవిడ ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేవారు. ఇంటికి వెళ్ళలేదు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. నిజం రాసినందుకు రోగి మూలుగుతూ పడుండాలా? ఆ కోపం తప్పని ఇప్పటికీ పూర్తిగా అనలేను. మర్నాడు అనుమతి వచ్చింది. వాపు ఎక్కువై పొట్ట కోసే చేయాల్సి వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని సర్జన్ బయటికొచ్చి చెప్పారు. ఆవిడ గ్లాసెడు నీళ్ళు తాగి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నారు.

తర్వాత, ఆవిడ రాసినదాన్ని పట్టుకుని ఆ క్యాంపు దవాఖాన మీద విచారణ మొదలైంది. వాళ్ళు మా యజమానులకు కావలసినవాళ్ళట. ఆవిణ్ణి వార్డు నుంచి స్టోరుకు మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఈడ కూసోనన్న దొరుకుతది, మోకాళ్లు గుంజుతన్నయి" అన్నారు. అక్కడే రిటైరయ్యారు.

కంప్యూటర్లు వచ్చాక మోసాలు తగ్గాయా అని నన్ను అడుగుతుంటారు. కొంత తగ్గాయి. వేరేచోట రాసిన అబద్ధం మా ముందు బయటపడిందంటే అది వాటి చలవే. కానీ మానిటర్ల మీద ప్లాస్టర్ ముక్కలు ఇంకా ఉన్నాయి. సాయంత్రానికి నాకూ విసుగొస్తుంది, ఎవరిదైతేనేంలే అనిపిస్తుంది. అయినా నాది మూసే లేస్తాను. ఆవిడ నాకు పెట్టిన భిక్ష అది.

వాళ్ళింటి ముందు టెంటు కింద జనం పలచగా ఉన్నారు. శ్మశానానికి తీసుకెళ్ళే బండి వచ్చి ఆగింది. గోడవారగా ఒకామె కూర్చుని ఉంది. యార్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరకు పట్టిన మిర్చి ఘాటుకు పక్కవాళ్ళు తుమ్ముతున్నారు. నేను గుర్తుపట్టాను. హెడ్ సిస్టర్ చెల్లెలు దగ్గరికొచ్చి, "ఎవలమ్మా నువ్వు? మా అక్కకు ఏమైతవు?" అని అడిగింది.

ఆమె కొంగు పక్కకు జరిపి, డొక్క కింద ఉన్న కోత గుర్తు మీద చెయ్యి పెట్టుకుంది. బండి కదిలి వీధి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.