లో వోల్టేజి వయొలిన్

"అన్నా, పెదనాయన పోయినాడు. పొద్దున కాఫీ తీసకపోతే లేయలేదు" అని గార్లదిన్నె పక్కనున్న మా ఊరి నుంచి ఆయన తమ్ముడి కూతురు ఫోన్ చేసినప్పుడు నేను అనంతపురంలో ఆఫీసులో ఉన్నాను. ఆయన నాకు చుట్టమేమీ కాదు, పక్కింటాయన. నేనూ పెదనాయనా అనే పిలిచేవాణ్ణి. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు, ఊరికి మాత్రం డాక్టరే.

భార్య పోయాక ఆయనకు తోడుగా మిగిలినవి ఒక టేప్ రికార్డరు, ఒక క్యాసెట్. బెంగళూరు ఫుట్‌పాత్ మీద, అట్టపైన వయొలిన్ బొమ్మ చూసి మన కచేరీయే అనుకుని కొన్నారట. ఇంటికొచ్చి పెడితే మూడు వందల ఏళ్ళ నాటి యూరప్ సంగీతం, బరోక్ కాలపు వయొలిన్ కాన్సెర్టోలు. అయినా పారేయలేదు. తొంభైల చివర్లో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, గోడ మీదుగా పిలిచి నన్నూ కూర్చోబెట్టేవారు.

"చెక్కభజన సూసినావు కదా. గురువు ఒక మాట ఎత్తుకుంటాడు, తక్కినోళ్ళు అందుకుంటారు. ఇదీ అంతే. ఈ ఒక్క వయొలిన్ అడుగుతాండాది, తక్కినవి జవాబు చెప్తాండాయి."

ఆ సంగీతాన్ని నాకు అంత సులువుగా ఇంకెవరూ చెప్పలేదు. మెల్లగా సాగే నడిమి భాగం వస్తే మాత్రం మాట్లాడనిచ్చేవారు కాదు. అక్కడ తక్కినవన్నీ తగ్గిపోయి వయొలిన్ ఒక్కటే మిగిలేది. "ఇప్పుడు జవాబు చెప్పేటోళ్ళు లేరు, ఇను" అని కళ్ళు మూసుకునేవారు. ఆయన చెప్పేది పాట గురించేనని అప్పుడు అనుకున్నాను.

ఏనాడూ నేను రెండో వైపు దాకా కూర్చోలేదు. బస్సుకో, క్రికెట్‌కో లేచేవాణ్ణి. "పాట నడుమ లేసేటోడు, అన్నం నడుమ లేసేటోడు ఒకటేనప్పా. పో, పో" అని నవ్వేవారు.

ఉద్యోగం వచ్చాక అవే కాన్సెర్టోల సీడీ ఒకటి దొరికింది. విని తెల్లబోయాను. శ్రుతి పైన ఉంది, నడక చురుగ్గా ఉంది. అప్పుడు తట్టింది. ఆయన పాట పెట్టేది మధ్యాహ్నం, సరిగ్గా చేలకు త్రీ ఫేజ్ కరెంటు వచ్చే వేళ. బోర్ల మోటార్లన్నీ ఒక్కసారిగా వేసేసరికి బల్బు గుడ్డిదీపమయ్యేది, టేపు నీరసంగా తిరిగేది. చదువుకున్నవాణ్ణి కదా, ఊరికే ఉంటానా? వెళ్ళి చెప్పేశాను.

"ఇన్నేండ్లు నువ్వు ఇన్నది తప్పు పెదనాయనా. అది అంత మెల్లగా ఉండదు. ఒక స్టెబిలైజర్ పెట్టుకో."

ఆయన క్యాసెట్ బయటికి తీసి చూశారు. "అట్లనా! అయితే వాళ్ళు ఇంత దుఃఖం పెట్టలేదా దీంట్లో?" అన్నారు. ఆ తర్వాత నేను ఊరికి వెళ్ళినా గోడ మీదుగా పిలవలేదు. నేనూ పనుల్లో పడి పట్టించుకోలేదు.

ఆయన పోయిన పదకొండో రోజున ఊరికి వెళ్ళాను. టేప్ రికార్డరు పక్కనే స్టెబిలైజర్, శుభ్రంగా గుడ్డ కప్పి ఉంది.

"నువ్వు చెప్పినావని ఆ వారమే తెచ్చుకున్యాడన్నా" అంది ఆ అమ్మాయి. "ఈ పెట్టె వచ్చినాక పాట పెట్టేదే తక్కువ చేసినాడు. బిరీన, పరుగెత్తినట్లు అయిపోతాండాది అనేవాడు."

ఉన్న ఒక్క తోడునూ తప్పు దిద్దే పేరుతో ఆయన దగ్గర్నుంచి లాక్కున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్లగ్గు స్టెబిలైజర్ నుంచి పీకి నేరుగా గోడకు పెట్టి, పాట వేశాను. మొదట ఎవరిదో పాటలాగే చురుగ్గా సాగింది. నడిమి భాగం వచ్చేసరికి చుట్టుపక్కల చేలల్లో మోటార్లు అందుకున్నాయి. బల్బు ఎర్రబడింది. వయొలిన్ మెల్లబడి, బరువెక్కి, మా పెదనాయన విన్న పాటయింది.

"అన్నా, బస్సు వచ్చినట్లుండాది" అంది ఆ అమ్మాయి గుమ్మంలోంచి.

నేను లేవలేదు. మొదటి వైపు అయిపోగానే క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టాను.