తోక ఉన్న ఎర్ర చుక్క

తవిటయ్య రోజూ పొద్దున్నే దీపం వెలిగించాక దాన్ని కాసేపు పరీక్షగా చూసేవాడు. మంట నిటారుగా నిలబడితేనే అప్పన్న పటానికి దండం పెట్టుకుని లేచేవాడు. ఒక పక్కకి వాలినట్టు కనిపిస్తే పుల్లతో వత్తిని సర్ది, మళ్ళీ చూసేవాడు. సుభాష్‌పల్లిలో వాళ్ళదీ మాదీ పక్కపక్క వాటాలు. మా వంటింటి కిటికీలోంచి వాళ్ళ దేవుడి గూడు కనిపించేది. మొదట్లో ఆ పని రెండు నిమిషాల్లో అయిపోయేది. పందొమ్మిది వందల తొంభై మూడు వచ్చేసరికి పావుగంట పట్టేది. ఆయన భార్య సింహాచలమ్మ వచ్చి, గాలి తగులుతోందేమోనన్నట్టు కిటికీ తలుపు మూసి వెళ్ళేది.

ఖరగ్‌పూర్‌లో రైల్వే రక్షణ దళం వాళ్ళ ఆయుధశాలలో తవిటయ్య తుపాకుల మిస్త్రీ. నేను అక్కడే రిజిస్టర్లు రాసేవాణ్ణి. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో సమ్మెట పట్టినవాడు. ఈయన ఫిట్టరుగా చేరి, చేతి నైపుణ్యం చూసి పిలిస్తే ఆయుధశాలకి వచ్చాడు. వానలో తడిసి డ్యూటీ దిగిన కానిస్టేబుల్ తుపాకీ అప్పగించడానికి వస్తే, ముందు ఆ మనిషికి టీ ఇప్పించి, తుపాకీ తానే తుడిచి, ఆ తరవాతే తిట్టేవాడు. తిట్టు కూడా, "ఏటిరా, దీనికి గొడుగు పట్టలేకపోయినావా?" అన్నంత మాత్రమే.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. బాగుచేసిన ఏ తుపాకీ అయినా గది దాటి వెళ్ళాలంటే పుస్తకంలో రెండు సంతకాలు పడాలి. బిగించినవారు ఒకరు, గురి చూసినవారు ఒకరు. ఇరవై ఆరేళ్ళుగా ఆ రెండు గళ్ళలోనూ తవిటయ్య సంతకమే. నాలుగక్షరాలు కుదురుగా రాసి, కింద చిన్న గీత గీసేవాడు. తాను చూడనిదాని మీద ఆ గీత ఎన్నడూ గియ్యలేదు.

ఆ ఏడు దసరా ముందు బుధవారం నాడు కలకత్తా నుంచి ఒక అధికారి సాహెబు వచ్చి తవిటయ్య చేతిలో చిన్న పెట్టె పెట్టాడు. అందులో బొటనవేలంత గొట్టం, దానికి అద్దం ఉన్నాయి. బ్యాటరీ వేస్తే అద్దం మధ్యలో ఎర్ర చుక్క వెలుగుతుంది. చుక్క దేనిమీద ఉంటే గుండు అక్కడికి వెళ్ళాలి. గురి చూసే ఈ సాధనాన్ని రెడ్ డాట్ సైటు అన్నారు.

"దీన్ని కార్బైన్ మీద బిగించు. పాత ఇనుప సైటు తియ్యొద్దు. బ్యాటరీ అయిపోతే జవాను దానితో కాల్చుకోవాలి. సోమవారం మైదానంలో చూస్తాను," అని సాహెబు హిందీలో చెప్పి వెళ్ళిపోయాడు.

కార్బైన్ అనే ఆ పొట్టి తుపాకీకి పుట్టుకతో వచ్చిన ఇనుప సైటు అంటే వెనక మడత పలకలో చిన్న చిల్లు, ముందు సన్నని మొన. చిల్లులోంచి చూసి మొనని గురి మీద నిలపాలి. తవిటయ్యకి అదే తెలుసు. ఆయన ఆ రోజంతా ఇనుప పలకని ఆకురాయితో అరగదీసి పీట చేసి, గొట్టాన్ని ఇనుప సైటుకి పైగా ఎత్తున బిగించాడు. గురువారం పొద్దున్న, ఖాళీ తుపాకీ తీసుకుని, గోడ మీద అంటించిన కాగితం వైపు చూశాడు. చూసి దించేశాడు. అద్దం పంచె చెంగుతో తుడిచి మళ్ళీ చూశాడు.

"బాబూ, ఇది సుక్కేటి? నలిపేసిన కుంకంలాగున్నాది. పక్కకి తోకొకటి," అన్నాడు నాతో.

అక్కడే ఉన్న కానిస్టేబుల్ విల్‌ఫ్రెడ్ తుపాకీ అందుకున్నాడు. బాప్టిస్టు చర్చి పక్క వీధి కుర్రాడు, మా అందరిలోకీ గురి బాగా ఉన్నవాడు.

"గుండ్రంగానే ఉన్నాది మావా. ఆవగింజంత."

"మరొక్కసారి సూడు."

"సూసినాను. ఆవగింజే. ఆవకాయ కలిపీమంటావా?"

నేనూ చూశాను. గుండ్రంగానే ఉంది. అదే చెప్పాను. తవిటయ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ముసిలోడు బాదపడతాడని దయ తలిసి సెప్తన్నారు. దయ ఇంటికాడ సూపించండి, తుపాకీ కాడ కాదు," అన్నాడు. కోపంగా కాదు, బతిమాలినట్టు.

ఆ రోజు నుంచి ఆయనకి ఏమీ తోచలేదు. పీట వంకరగా ఉందనుకుని మళ్ళీ అరగదీశాడు. బ్యాటరీ మార్చాడు. మరలు నాలుగు ఉంటే నాలుగూ విప్పి బిగించాడు. చుక్క తోక పోలేదు. మేం చూస్తే తోక లేదు. శుక్రవారం మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా కూర్చున్నాడు. విల్‌ఫ్రెడ్ తన డబ్బాలో చేప ముక్క తీసి ఆయన మూత మీద పెట్టాడు. తవిటయ్య శుక్రవారం చేప తినడని గుర్తొచ్చి నాలిక కరుచుకుని, మళ్ళీ తీసుకుని, అరటిపండు పెట్టాడు. ఆయన అది చూడనే లేదు.

"కన్నే అనుకో," అన్నాడు ఉన్నట్టుండి. "కన్ను పోయిందని రాసీసి నన్ను ఇక్కడినుంచి తప్పించీసినారనుకో. రిటైరుకి ఇంకా ఏడాదిన్నరుంది. గేటు కాడ పాసులు సూసుకోమంటారు. ఈ సేతులెక్కడ ఎట్టుకోను?" మళ్ళీ తనే తల అడ్డంగా ఊపాడు. "కాదులే. ఇనుప సైటు ఇప్పటికీ సూదిమొనలాగ కనబడతన్నాది గదా. కన్ను పోతే అదీ పోవాల. దీనికొక నాయం, దానికొక నాయం ఉండదు గదా?"

దగ్గరి చూపుకి ఆయనకి కళ్ళజోడు ఉంది. దూరపు చూపు మీద మాకెవరికీ అనుమానం లేదు.

శనివారం ఆయన పీటని సగానికి సగం తగ్గించి, కొత్త గొట్టం ఇనుప సైటుకి సరిగ్గా ఎదురుగా వచ్చేట్టు బిగించాడు. ఇప్పుడు వెనక చిల్లులోంచి చూస్తే అద్దంలోని చుక్కా, ముందు మొనా ఒకే వరసలో కనిపిస్తాయి. ఆయన కన్ను చిల్లుకి ఆనించాడు. ఒక్కసారిగా, "అప్పన్నా!" అని అరిచాడు. "వచ్చింది! గుండ్రంగా వచ్చింది! పీటదే తప్పు బాబూ, ఎత్తుగా ఎట్టినాను, అదీ సంగతి!"

విల్‌ఫ్రెడ్ చప్పట్లు కొట్టాడు. నేను టీ తెప్పించాను. టీ వచ్చేలోపు తవిటయ్య వెనక సైటుని మడిచి, ఉత్త అద్దంలోంచి చూశాడు. మొహం పాలిపోయింది. సైటు లేపి చిల్లులోంచి చూశాడు. మడిచాడు. మళ్ళీ లేపాడు.

"సిల్లులోంచి గుండ్రం. సిల్లు తీసీస్తే తోక. ఇదేటి మాయ?"

టీ చల్లారిపోయింది.

ఆదివారం పొద్దున్న జరిగింది సింహాచలమ్మ మా ఇంటికి వచ్చి చెప్పింది. ఆయన స్నానం చేసి దీపం వెలిగించాడట. మంట వాలినట్టే ఉంది. పుల్లతో సర్దాడు, ఆమె కిటికీ మూసింది. అయినా వాలే ఉంది. ఆయనకి ఏం తోచిందో, పాత క్యాలెండరు అట్ట తెచ్చి సూదితో చిన్న చిల్లు పొడిచి, దాన్ని కంటికి ఆనించుకుని దీపం వైపు చూశాడట.

మంట నిటారుగా నిలబడింది. అట్ట తీస్తే వాలిపోయింది.

"సింహాచలం, నిజం సెప్పు. ఈ మంట ఎలాగున్నాది?"

"తిన్నగానే ఉన్నాది."

"ఎప్పటినుంచి?"

"ఎప్పుడూ తిన్నగానే ఉన్నాది."

"మరి కిటికీ ఎందుకు మూసేదానివి?"

"నువ్వు గాలనుకుంటన్నావు గదా," అందట ఆమె. "మూసీస్తే నీ మనసు కుదుటపడుద్దని."

అది చెబుతూ సింహాచలమ్మ ఏడ్చింది. ముందే చెప్పి ఉండాల్సిందా, చెప్పకపోవడమే మేలా అని నన్ను అడిగింది. దేవుడు ఆమెకి ఇచ్చిన మనసు చెడ్డది కాదని మాత్రం అన్నాను.

సోమవారం కాల్పుల మైదానంలో సాహెబు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. తవిటయ్య కార్బైన్ పట్టుకుని, పుస్తకం పట్టుకున్న నా పక్కన నిలబడ్డాడు. చిల్లులోంచి చూసి కాలిస్తే ఆయన గుండ్లు సరిగ్గా పడతాయని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. సాహెబుకి తేడా తెలిసే దారి లేదు. సన్నని చిల్లులోంచి చూస్తే లోపమున్న కంటికి కూడా తిన్నగానే కనబడుతుంది. ఇరవై ఆరేళ్ళు ఆ చిల్లే ఆయన కంటి లోపాన్ని ఆయనకి కూడా తెలియకుండా దాచింది. ఇంకో పూట దాచలేదా?

ఆయన కలం తీసుకుని 'బిగించినవారు' అన్న గడిలో నాలుగక్షరాలు రాసి గీత గీశాడు. రెండో గడి మీద కలం కాసేపు ఆగింది. తరవాత మూత పెట్టేశాడు.

"విల్‌ఫ్రెడూ, ఇలా రా బాబూ."

వాడు వచ్చాడు. తవిటయ్య కార్బైన్ వాడి చేతిలో పెట్టాడు.

"నాకొక ఉపకారం సెయ్యాల. జవానులు దీన్ని అద్దంలోంచి సూస్తారు, సిల్లులోంచి సూడరు. అద్దంలో నాకు సరిగ్గా కనబడనిదానికి నాను సంతకం ఎలాగెట్టను? నువ్వు కాల్చి, ఈ గడిలో నీ పేరెట్టు."

"సాయెబు ఎందుకని అడుగుతాడు మావా."

"అడగనీ. కన్ను కుదరలేదని నానే సెప్తాను." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇంకొకటి. సాయంకాలం నీ సైకిలెనకాల నన్నెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళు. డాక్టరు ఇంగ్లీషులో ఏటో రాస్తాడు. నువ్వు సదివి ఉన్నదున్నట్టు సెప్పు. దయ తలిసి మాత్రం సెప్పకు బాబూ."